కమిషన్ కాదన్నది మీ కేసును కాదు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇంగ్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో మూడేళ్లుగా సీనియర్ కేరర్‌గా చేస్తున్నారు. శని, ఆదివారాల నైట్ షిఫ్టులన్నీ ఇండియా, నైజీరియా నుంచి వచ్చినవాళ్లకే వేస్తున్నారు. ఎందుకని మేనేజర్‌ను అడిగితే, మీ స్పాన్సర్‌షిప్ (వీసాకు యజమాని ఇచ్చే పూచీ) సంగతి గుర్తుంచుకోండి అన్నారు. సమానత్వ, మానవ హక్కుల కమిషన్‌కు మెయిల్ పెడితే, ఒక్కొక్కరి ఫిర్యాదులు మామూలుగా తీసుకోమని, ఫలానా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమని జవాబొచ్చింది. "చట్టం పెట్టిన సంస్థే కాదంటే నా కేసులో పస లేనట్టా? లేక మావారు అంటున్నట్టు వాళ్ల దగ్గరే డబ్బుల్లేవా?" అన్నది మీ ప్రశ్న.

మీవారు అన్నదే నిజం. ఆ మెయిల్ మీ కేసు మీద తీర్పు కాదు. ఎవరో కూర్చుని మీ సంగతంతా చదివి, తూచి, ఇందులో ఏమీ లేదని తేల్చి రాసిన జవాబు కాదది. రాసినవాళ్లలో దాదాపు అందరికీ అదే వెళ్తుంది. ఇది మొదటే చెప్పడానికి కారణం ఉంది. ఆ ఒక్క మెయిల్ చూసి ఊరుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో కొందరివి గట్టిగా నిలబడే కేసులు. గడువు దాటిపోయాక నా దగ్గరికి వచ్చారు. అప్పటికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

నేను 2001 నుంచి 2012 దాకా మిడ్‌లాండ్స్‌లోని ఒక ఊళ్లో జాతి సమానత్వ మండలిలో కేస్‌వర్కర్‌గా పనిచేశాను. అది మూతపడిన తర్వాత వారానికి ఒక సాయంత్రం ఉచిత సలహా కేంద్రంలో కూర్చుంటున్నాను. ఈ పనికి డబ్బున్న రోజులూ చూశాను, లేని రోజులూ చూస్తున్నాను. ఆ తేడా మీకు అర్థమైతే మీరు ఏం చేయాలో కూడా అర్థమవుతుంది. అందుకే కాస్త వెనక్కి వెళ్లి చెప్తాను.

బ్రిటన్‌లో ఒకప్పుడు మూడు వేర్వేరు కమిషన్లు ఉండేవి. ఆడ, మగ సమానత్వానికి 1975 చట్టంతో ఒకటి, జాతి సమానత్వానికి 1976 చట్టంతో ఇంకొకటి, వికలాంగుల హక్కులకు 2000లో మరొకటి వచ్చాయి. 2006 సమానత్వ చట్టం ఈ మూడింటినీ ఒకటి చేసింది. 2007 అక్టోబర్ 1న కొత్త కమిషన్ పని మొదలుపెట్టింది. పాత మూడు పనులతో పాటు వయసు, మతం, లైంగికత, వీటన్నిటి మీద మానవ హక్కులు కూడా దానికే అప్పగించారు. మొదట్లో దాని ఏడాది బడ్జెట్ 7 కోట్ల పౌండ్లు. సిబ్బంది ఐదొందల పైచిలుకు.

2010లో ప్రభుత్వం మారింది. ఆర్థిక సంక్షోభం తర్వాత ఖర్చు తగ్గించడమే ప్రధానమన్న కాలం అది. ప్రభుత్వానికి కాస్త ఎడంగా పనిచేసే సంస్థలన్నిటినీ వరసపెట్టి చూశారు. కొన్నిటిని ఎత్తేశారు, కొన్నిటిని కలిపేశారు. ఈ కమిషన్‌ను ఉంచారు గానీ, బాగా తగ్గించాలని నిర్ణయించారు. అప్పుడు హోం మంత్రిగానూ, సమానత్వ శాఖ మంత్రిగానూ ఉన్నది థెరిసా మే. 2011 మార్చిలో సంప్రదింపుల పత్రం వచ్చింది, 2012లో కోతలు అమల్లోకి వచ్చాయి. ఆ దశాబ్దం సగం దాటేసరికి బడ్జెట్ 1 కోటి 71 లక్షల పౌండ్లకు దిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే అంకె. సిబ్బంది రెండొందల దగ్గరకు వచ్చారు.

జనాభాతో భాగించి చూడండి. మొదట్లో తలకు ఏడాదికి ఒక పౌండు పైన ఉండేది. తర్వాత తలకు పావు పౌండు. మీ ఊళ్లో బస్సులో ఒక స్టాపు దూరం వెళ్లడానికి కూడా చాలదు. అంకె మారకుండా ఉండటం కూడా కోతే. ఇంట్లో జీతం ఎనిమిదేళ్లు అలాగే ఉండి అద్దె, కరెంటు, కూరగాయలు పెరుగుతూ పోతే ఏమవుతుందో మీకు తెలుసు.

అసలు ఇంత సులువుగా ఎలా కోయగలిగారని మీరు అడగొచ్చు. 2006 చట్టం చివర్లో మొదటి షెడ్యూలులో ఒక చిన్న పేరా ఉంది. కమిషన్ తన పని చేయడానికి సమంజసంగా సరిపోతుందని మంత్రికి ఎంత తోస్తే అంత ఇవ్వాలి అని దాని సారాంశం. తోచేది ఎవరికి? మంత్రికి. కమిషన్ నిఘా పెట్టాల్సింది ఎవరి మీద? పోలీసుల మీద, హోం శాఖ మీద, ఆసుపత్రుల మీద, అంటే చాలావరకు ప్రభుత్వం మీదే. ఎవరిని ప్రశ్నించాలో వాళ్ల చేతి నుంచే డబ్బు రావాలి. 1993 డిసెంబర్‌లో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ఒప్పుకున్న పారిస్ సూత్రాలు సరిగ్గా ఈ సంగతే చెప్పాయి: ఇలాంటి సంస్థకు తన సొంత సిబ్బంది, సొంత కార్యాలయం పెట్టుకునేంత డబ్బుండాలి, ప్రభుత్వం డబ్బు చూపించి దాన్ని ఆడించే వీలుండకూడదు. బ్రిటన్ కమిషన్ ఆ సూత్రాల ప్రకారం 'A' హోదా, అంటే అన్నిటికంటే పై హోదా ఉన్న సంస్థే. హోదా ఉంటుంది, పావు పౌండూ ఉంటుంది.

కమిషన్‌లో తప్పుల్లేవని నేను అనను. మొదటి ఏళ్ల లెక్కలను ప్రభుత్వ ఆడిటర్లు ఆక్షేపణ లేకుండా ఆమోదించలేదు. పాత కమిషన్ల నుంచి పరిహారం తీసుకుని ఉద్యోగం వదిలిన కొందరిని మళ్లీ కన్సల్టెంట్లుగా తెచ్చుకున్నారు. పైన కూర్చున్న కమిషనర్ల మధ్య గొడవలై రాజీనామాలు కూడా జరిగాయి. నిజమే, అవన్నీ సరిదిద్దాల్సినవే. కానీ కోత పడింది వాటి మీద కాదు. కోత పడింది మూడింటి మీద. ఒకటి, కమిషన్ నేరుగా నడిపే హెల్ప్‌లైన్. రెండోది, ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థలకు ఇచ్చే గ్రాంట్లు. మూడోది, దుకాణాలు, హోటళ్లు, అద్దె ఇళ్ల లాంటి చోట్ల వివక్ష జరిగితే కోర్టుకు వెళ్లకుండా మధ్యవర్తితో రాజీ చేయించే సేవ. మూడూ సామాన్యుడికి చేతికందే దూరంలో ఉన్నవే. హెల్ప్‌లైన్‌ను 2012 అక్టోబర్‌లో కమిషన్ నుంచి తీసేసి, ప్రభుత్వం ఒక ప్రైవేటు కాంట్రాక్టుకు ఇచ్చింది. మీకు మెయిల్‌లో ఇచ్చిన నంబరు దాని వారసత్వమే. అక్కడివాళ్లు ఓపిగ్గా వింటారు, చట్టం ఏం చెప్తుందో చెప్తారు, కావాలంటే ఉత్తరం ఎలా రాయాలో కూడా చెప్తారు. కానీ ఉద్యోగ తగాదాలు విచారించే ట్రిబ్యునల్‌లో మీ తరఫున నిలబడరు.

గ్రాంట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా జీతం అందులోంచే వచ్చేది.

మా ఆఫీసు ఒక చెప్పుల షాపు పైన రెండు గదులు. గురువారం సాయంత్రం ఆరు తర్వాత అపాయింట్‌మెంట్ లేకుండా ఎవరైనా రావచ్చు. 2006 చలికాలంలో ఒక గురువారం నిజామాబాద్ వైపు అతను ఒకడు వచ్చాడు. ఒక బ్రెడ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్‌లో ఆరేళ్లు చేశాడు. లైన్ సూపర్‌వైజర్ పోస్టుకు మూడుసార్లు అప్లై చేశాడు. మూడుసార్లూ తను పని నేర్పిన కుర్రాళ్లకే ఇచ్చారు. అనుమానం తప్ప చేతిలో ఒక్క కాగితం లేదు. "నేను చెప్తే ఎవరు నమ్ముతారక్కా" అన్నాడు.

అప్పట్లో ఆర్‌ఆర్ 65 అని ఒక ఫారం ఉండేది. దాంతో ఉద్యోగి నేరుగా యజమానికి ప్రశ్నలు పంపొచ్చు. ఎనిమిది వారాల్లో జవాబు ఇవ్వకపోయినా, దాటవేసినా, ట్రిబ్యునల్ దాన్ని యజమానికి వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకోవచ్చు. ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. అతను తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లిష్‌లో రాయడం. "నన్నెందుకు తీసుకోలేదు అని ఒక్క ప్రశ్న రాయండి చాలు" అన్నాడు. దానికి వాళ్లు ఏదో ఒక జవాబు ఇచ్చేస్తారు, అది కాదు అడగాల్సింది అని చెప్పాను. గత రెండేళ్లలో ఎన్ని సూపర్‌వైజర్ పోస్టులు నింపారు, ఎవరెవరు అప్లై చేశారు, వాళ్ల జాతి ఏమిటి, ఎవరికి ఎన్ని మార్కులు వేశారు, వేసినవాళ్లు ఎవరు, ఆ మార్కుల కాగితాలు ఎక్కడున్నాయి. ఇలా పద్నాలుగు ప్రశ్నలు. ఏడో వారంలో రెండు పేజీల జవాబు వచ్చింది. తొమ్మిది పోస్టులు, తొమ్మిదీ తెల్లవాళ్లకే. మార్కుల కాగితాలు దొరకలేదట. కేసు విచారణ దాకా వెళ్లలేదు. కంపెనీ రాజీకి వచ్చి పరిహారం ఇచ్చింది. ఇంటర్వ్యూకు రాతలో ఒక పద్ధతి పెట్టుకుంటామని కూడా ఒప్పుకుంది. మరుసటి ఏడాది అదే లైన్‌లో ఒక సోమాలియా ఆమె సూపర్‌వైజర్ అయిందని అతనే ఫోన్ చేసి చెప్పాడు.

ఆ మూడున్నర గంటలకు అయిన ఖర్చు ఎంత? నా ఒక సాయంత్రం జీతం, గదికి హీటర్, ఫొటోకాపీలు, పోస్టల్ స్టాంపు. ఏ జాతీయ పత్రికలోనూ రాని కేసు అది. ఏ తీర్పుల పుస్తకంలోనూ దాని పేరు లేదు. అలాంటివి ఏడాదికి కొన్ని డజన్లు జరిగేవి మా రెండు గదుల్లోనే.

2012 మార్చితో మా గ్రాంటు ఆగింది. ఊరి కౌన్సిల్ కూడా అప్పటికే తన వాటా తగ్గించుకుంది. చివరి శుక్రవారం ఫైళ్లు డబ్బాల్లో సర్దుతుంటే నాలుగు ఫోన్లొచ్చాయి. వాటిలో ఒకటి గర్భంతో ఉన్న ఒక క్లీనర్‌ది, మర్నాటి నుంచి పనికి రావద్దన్నారట. ఆమె పేరు, నంబరు చేతికందిన కవరు వెనక రాసుకుని ఇంటి నుంచి ఫోన్ చేశాను. సోమవారం నుంచి ఆ లైన్‌లో రికార్డు చేసిన గొంతు మాత్రమే వినిపించింది.

ఒక్క కమిషన్ బడ్జెట్టే తగ్గి ఉంటే ఎలాగో సర్దుకునేవాళ్లం. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. 2013 ఏప్రిల్‌లో లీగల్ ఎయిడ్, అంటే ప్రభుత్వ ఖర్చుతో ఇచ్చే న్యాయ సాయం, కోసేశారు. వివక్ష కేసులకు పేరుకు ఉంచారు గానీ, చాలాకాలం ఫోన్ ద్వారానే వెళ్లాలని నియమం పెట్టారు. తర్వాత కమిషనే దీని మీద విచారణ జరిపి 2019లో రిపోర్టు ఇచ్చింది. లీగల్ ఎయిడ్ కింద నిపుణులు తీసుకున్న వివక్ష కేసుల్లో ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌లో వాదించడానికి డబ్బు దొరికింది రెండొందలకు ఒక్కదానికి. 2013 జూలైలో ట్రిబ్యునల్‌కే ఫీజు పెట్టారు. వివక్ష కేసు వేయడానికి 250 పౌండ్లు, విచారణకు ఇంకో 950. నెలకు పన్నెండొందలు సంపాదించే క్లీనర్ పన్నెండొందలు కట్టి కేసు వేయాలి. కేసులు మూడింట రెండొంతులు పడిపోయాయి. యూనిసన్ యూనియన్ పోరాడితే 2017 జూలైలో సుప్రీంకోర్టు ఆ ఫీజులు చట్టవిరుద్ధమని కొట్టేసింది. ఆ నాలుగేళ్లలో కేసు వేయలేక వదులుకున్నవాళ్లకు మాత్రం ఆ అవకాశం తిరిగి రాలేదు. నేను చెప్పిన ప్రశ్నల ఫారాన్ని 2014 ఏప్రిల్‌లో ఎత్తేశారు. యజమానులకు భారమట.

చట్టం మాత్రం చాలావరకు అలాగే ఉంది. 2010 సమానత్వ చట్టం ఇప్పటికీ ప్రపంచంలో మంచి చట్టాల్లో ఒకటని నేను నమ్ముతాను. ఆ చట్టానికీ, నైట్ షిఫ్టు ముగించుకుని నిద్రకళ్లతో బస్సెక్కే మనిషికీ మధ్యలో ఉన్నవన్నీ తీసేశారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

డబ్బు తగ్గాక కమిషన్ పెద్ద విషయాల మీద పెట్టిన దృష్టి మంచిదే అనేవాళ్లున్నారు. ఆ పెద్ద పనుల్ని నేను తక్కువ చేయను. 2012లో లీడ్స్ వెళ్లే బస్సులో వీల్‌చైర్ జాగాలో ఒకామె పిల్లాడి బండి పెట్టి తీయనంది. వీల్‌చైర్‌లో ఉన్నాయన బస్సెక్కలేకపోయాడు. కమిషన్ ఆయన వెనక నిలబడింది. ఐదేళ్లకు 2017 జనవరిలో సుప్రీంకోర్టు, డ్రైవర్ ఒకసారి అడిగి ఊరుకుంటే సరిపోదని చెప్పింది. ఒంటరి మనిషి ఐదేళ్లు అలా పోరాడలేడు. విండ్‌రష్ తరం (యుద్ధం తర్వాత కరీబియన్ దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు) మనుషుల విషయంలో హోం శాఖ సమానత్వ బాధ్యత నెరవేర్చలేదని 2020 నవంబర్‌లో చెప్పింది కూడా ఈ కమిషనే. 2010 నాటి కోతలు పెట్టేటప్పుడు ఖజానా శాఖ సమానత్వం సంగతి పట్టించుకుందా అని కూడా అదే తనిఖీ చేసింది, తన బడ్జెట్ కోసుకుపోతున్న రోజుల్లోనే. అందుకు దాన్ని గౌరవిస్తాను.

కానీ ఏ పెద్ద కేసు పట్టుకోవాలో దానికి ఎలా తెలుస్తుంది? 2010 మార్చిలో మాంసం, కోళ్ల ఫ్యాక్టరీల మీద కమిషన్ ఒక విచారణ రిపోర్టు ఇచ్చింది. ఏజెన్సీల ద్వారా పనిచేసే వలస కార్మికులను బాత్రూమ్‌కు కూడా వెళ్లనివ్వడం లేదని, గర్భిణులతో బరువులు మోయిస్తున్నారని అందులో బయటపడింది. ఇలాంటివి ఆఫీసులో కూర్చుని ఊహిస్తే తెలిసేవి కావు. ఎవరో ఫోన్ చేస్తారు, ఎవరో రెండు గదుల ఆఫీసుకు వచ్చి ఏడుస్తారు. ఒకే రకం ఫోన్ పదిసార్లు వస్తే, అక్కడ ఏదో జరుగుతోందని వినేవాళ్లకు తడుతుంది. హెల్ప్‌లైన్ కమిషన్‌కు చెవి. ఆ చెవిని కాంట్రాక్టుకు ఇచ్చారు. ఇప్పుడు సమాచారం అంకెల రిపోర్టులుగా వస్తుంది. అంకెల్లో గొంతు వణకడం వినపడదు.

మన తెలుగువాళ్లకు ముఖ్యమైన సంగతి ఒకటి. ఈ దేశంలో కుల వివక్ష గురించి కమిషన్ 2014లో నిపుణులతో రెండు అధ్యయనాలు చేయించింది. అదే ఏడాది డిసెంబర్‌లో, బీహార్ నుంచి ఇంటిపనికి తీసుకొచ్చిన ఒక ఆదివాసీ మహిళ కేసులో అప్పీల్ ట్రిబ్యునల్, కులం కూడా కొన్ని సందర్భాల్లో జాతి మూలం కిందికి రావచ్చని చెప్పింది. గంటకు 11 పెన్స్ లెక్కన పడింది ఆమె జీతం. 2015లో ఆమెకు రావాల్సిన వేతనం కింద 1 లక్షా 83 వేల పౌండ్ల పైన ఇప్పించారు. ఆమె తరఫున నిలబడింది చాలా చిన్న స్వచ్ఛంద న్యాయ సంస్థ. 2018లో ప్రభుత్వం కులాన్ని చట్టంలో విడిగా చేర్చబోమని, కోర్టు తీర్పులే చాలని ప్రకటించింది. అంటే ఆ హక్కు బతికుండాలంటే ఎవరో ఒకరు కేసు వేస్తూనే ఉండాలి. కేసు వేయడానికి సాయం చేసేవాళ్లకేమో డబ్బు లేదు.

మీరు చివర్లో, మన దగ్గర మానవ హక్కుల కమిషన్ కూడా ఇంతేగా అన్నారు. అక్కడ పద్ధతి వేరు. కుర్చీలు నింపరు. తెలంగాణ కమిషన్‌లో 2022 డిసెంబర్‌లో ఛైర్మన్ పదవీకాలం ముగిస్తే 2025 ఏప్రిల్ దాకా కొత్తవాళ్లు రాలేదు. రెండేళ్లు దాటి, ఆఫీసు ఉంది, అటెండర్ ఉన్నాడు, అర్జీ తీసుకుని స్టాంపు కొట్టారు, వినే మనిషి లేడు. రాష్ట్రాల్లో ఖాళీలు మూడు నెలల్లో నింపాలని 2015లోనే డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జమ్మూ కశ్మీర్‌లోనైతే 2019 అక్టోబర్‌లో ఏకంగా కమిషన్‌నే మూసేశారు. అక్కడైనా ఇక్కడైనా నష్టపోయేది ఆ తలుపు దగ్గరికి వచ్చిన మనిషే.

సరే, మీ సంగతికి వస్తాను.

అన్నిటికంటే ముందు గడువు. ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే, వివక్ష జరిగిన రోజు నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువలో ఏకాస్ అనే సంస్థకు రాజీ కోసం దరఖాస్తు పెట్టాలి. అది ఉచితం. జూన్ 10న జరిగితే సెప్టెంబర్ 9 ఆఖరి రోజు. గడువు పెంచే మార్పుల గురించి మీరు వినే ఉంటారు, వాటిని నమ్ముకుని ఆగొద్దు. మూడు నెలల లెక్కే పట్టుకోండి. కంపెనీలో గ్రీవెన్స్ (కంపెనీకే రాసిచ్చే ఫిర్యాదు) నడుస్తోంది కదా అని కూడా ఆగొద్దు, దానివల్ల గడియారం ఆగదు. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే పోగొట్టుకున్నారు. రోటా (షిఫ్టుల పట్టిక) వారం వారం పడుతోంది కాబట్టి అది కొనసాగుతున్న వివక్ష అని వాదించొచ్చు. స్పాన్సర్‌షిప్ గురించి మేనేజర్ అన్న మాట మాత్రం ఒక్క రోజు జరిగింది. ఆ రోజు నుంచే లెక్క వేసుకోండి.

రెండోది రోటా. గత ఆరు నెలల రోటాలు ఎన్ని దొరికితే అన్ని ఫొటోలు తీయండి. ఒక నోటు పుస్తకంలో ఒక్కో శని, ఆదివారం ఎవరు నైట్ చేశారో రాయండి. ఇందులో మీ బాధంతా రాయక్కర్లేదు. తేదీ, పేరు, షిఫ్టు, అంతే. మీలాగే సీనియర్ కేరర్‌గా ఉండి, ఇక్కడివాళ్లే అయినవాళ్లు ఎన్ని వారాంతపు నైట్లు చేశారన్నదే ట్రిబ్యునల్ మొదట అడిగే ప్రశ్న. తేడా అంకెల్లో కనిపించి, జాతి వల్లే అని అనుకోవడానికి ఆధారం ఉంటే, కాదని నిరూపించుకోవాల్సిన భారం యజమాని మీద పడుతుంది.

పాత ఫారం పోయినా, ఆ పద్నాలుగు ప్రశ్నల పద్ధతి పోలేదు. మామూలు ఉత్తరంలోనే అడగొచ్చు. ఇలాంటి ప్రశ్నలు ఎలా అడగాలో ఏకాస్ మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. జవాబు దాటవేస్తే ట్రిబ్యునల్ ఇప్పటికీ గమనిస్తుంది. 'నాకెందుకు' అని రాయకండి. రోటా ఎవరు వేస్తారు, ఏ ప్రమాణంతో వేస్తారు, వారాంతపు నైట్లు జాతివారీగా ఎన్ని అని రాయండి. మీ గురించి కంపెనీ దగ్గరున్న ఈమెయిళ్లు, రికార్డులు కావాలని డేటా రక్షణ చట్టం కింద అడిగితే మామూలుగా ఒక నెలలో ఇవ్వాలి.

గ్రీవెన్స్ లెటర్‌తో పాటు 2022 జూన్‌లో కమిషన్ ఇచ్చిన రిపోర్టు ఒకటి జత చేయండి. ఆరోగ్య, సంరక్షణ రంగాల్లో తక్కువ జీతాలకు పనిచేసే మైనారిటీ జాతుల ఉద్యోగుల మీద విచారణ అది. ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుందేమో, వీసా పోతుందేమో అన్న భయం వాళ్లను నోరెత్తనివ్వడం లేదని అందులో ఉంది. మీకు అన్న మాటకు అది సరిగ్గా సరిపోతుంది. కమిషన్ మీ కేసు తీసుకోకపోయినా, దాని కాగితం మీ చేతిలో పనికొస్తుంది.

వీసా విషయం టెన్షన్ పెడుతుందని తెలుసు. వివక్ష గురించి ఫిర్యాదు చేసినందుకు మీకు హాని చేస్తే అదే ఇంకో నేరం లాంటిది, చట్టంలో దానికి విడిగా రక్షణ ఉంది. అయినా వీసా నిజమే. స్పాన్సర్‌షిప్ రద్దైతే మామూలుగా 60 రోజులు ఇస్తారు. అందుకే కోపంలో రాజీనామా చేయకండి. ఇమిగ్రేషన్ సలహా మాత్రం ఆ పనికి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల దగ్గరే తీసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో చెప్పేది కాదు. నేను కూడా ఆ సలహా ఇవ్వను, నాకు ఆ అర్హత లేదు.

వాదించేవాళ్ల కోసం మొదట యూనియన్. మీరు సభ్యులైతే ఈ వారమే ఫోన్ చేయండి. కాకపోతే ఈ రోజే చేరండి, అయితే చేరకముందు జరిగినదానికి చాలా యూనియన్లు కేసు నడపవు, ఆ సంగతి అడిగి తెలుసుకోండి. మీ ఊళ్లో గానీ పక్క ఊళ్లో గానీ ఉచితంగా న్యాయ సాయం చేసే లా సెంటర్ ఉందేమో చూడండి. ఇంకొకటి చాలామందికి తట్టదు. అద్దె ఇంట్లో సామానుకు ఇన్సూరెన్స్ తీసుకుని ఉంటే, ఆ కాగితాల్లో లీగల్ ఎక్స్‌పెన్సెస్ కవర్ అనే మాట ఉందేమో వెతకండి. ఉద్యోగ తగాదాలకు కూడా వర్తించేవి ఉంటాయి. పోయిన ఏడాది ఒక కేరళ నర్సుకు లాయర్ దొరికింది అలాగే.

కమిషన్‌కు కూడా ఇంకోసారి రాయండి, ఈసారి వేరేగా. 'నాకు సాయం చేయండి' అని కాకుండా, ఈ కంపెనీకి ఎన్ని కేర్ హోములు ఉన్నాయి, ఎంతమంది స్పాన్సర్ వీసా మీద ఉన్నారు, షిఫ్టులు ఎలా పంచుతున్నారు అని అంకెలతో రాయండి. మీతోపాటు నైజీరియా సహోద్యోగులు ఇద్దరు, ముగ్గురు సంతకం పెడితే ఇంకా మంచిది. విడి ఫిర్యాదుకు వాళ్ల దగ్గర మనుషుల్లేరు. ఒక కంపెనీ అంతటా నడుస్తున్న పద్ధతి అయితే ఎవరో ఒకరు ఆగి చదివే అవకాశం ఉంది. తీసుకుంటారని మాట ఇవ్వలేను. కానీ చెవి కోల్పోయిన సంస్థకు వినిపించాలంటే మనమే గట్టిగా చెప్పాలి.

ఈ రాత్రి డ్యూటీకి వెళ్లే ముందు ఒక్క పని చేయండి. మేనేజర్ ఆ మాట అన్నది ఏ తేదీనో, ఎక్కడ నిలబడి అన్నారో, పక్కన ఎవరున్నారో కాగితం మీద రాసి, కింద ఈ రోజు తేదీ వేయండి. ఆ తేదీ నాకు రాస్తే మీకు ఎన్ని రోజులు మిగిలాయో లెక్క కట్టి చెప్తాను.